ఆహ్వానము, ఆశ్రయము: రష్యాకు వలసపోవు పాశ్చాత్యుల స్థితిగతులు

గుంటూరునుండియు, వరంగల్లునుండియు, కాకినాడనుండియు బయలుదేరిన మన బిడ్డలు డాలసునకో, టొరంటోకో, మ్యూనిక్కునకో చేరుకొని అచ్చట ఇల్లొకటి కొనుక్కొనుటయే జీవితసాఫల్యమని భావించుచున్న యీ కాలముననే, ఆ టెక్సాసులోను, ఆ కెనడాలోను, ఆ జర్మనీలోను పుట్టి పెరిగిన కొన్ని కుటుంబములు తమ ఇండ్లమ్ముకొని, పిల్లలను వెంటబెట్టుకొని రష్యాకు వలసపోవుచున్నవి. మధ్య ఆసియానుండి కూలిపనులకై మాస్కో చేరు ఉజ్బెకు, తాజికు, కిర్గిజు శ్రామికులతో పోల్చినచో వీరి సంఖ్య మిక్కిలి స్వల్పము. 2022లో ఉక్రెయిను యుద్ధమునకును సైనికసమీకరణమునకును వెఱచి రష్యాను విడిచిపోయిన లక్షలాది రష్యనులతో పోల్చినను స్వల్పమే. అయినను మనుష్యుడు పుట్టిన దేశమును విడిచి వేఱొక దేశమును తనదిగా చేసికొనుట యెంతటి బరువైన కార్యమో యెఱిగినవారికి, సంఖ్య స్వల్పమగుట విచారణకు అడ్డు కాజాలదు.

ఈ వలసనుగూర్చి వినవచ్చు అభిప్రాయములు సాధారణముగా రెండు తెగలు. పోవువారు వంచితులనియో ద్రోహులనియో నిందించువారు కొందఱు. పశ్చిమమున నశించిన ధర్మము రష్యాలో నిలిచియున్నదనియు, అచ్చటికి పోయినవారందఱును సుఖించుచున్నారనియు కీర్తించువారు మఱికొందఱు. ఈ మాటలు రష్యానుగుఱించి చెప్పబడుచున్నట్లు కనబడినను, నిజమునకు చెప్పువారికి తమ స్వదేశముతో గల కలహమునే వెల్లడించుచున్నవి. ఆ కలహమును ప్రక్కనబెట్టి, ఇట్లు పోయినవారు పూర్వమేమైరి, నేడు ఏ చట్టముక్రింద పోవుచున్నారు, ఏ భాషలో బ్రతుకవలయును, ఎట్లు సంపాదింపవలయును, ఏ మాటకు ఏ శిక్ష కలదు అను ప్రశ్నలను వరుసగా పరిశీలించిననేగాని యీ విషయము తేటపడదు.

పూర్వవృత్తాంతము

పాశ్చాత్యులు రష్యాకు పోవుట క్రొత్త సంగతి కాదు. 1652లో జారు అలెక్సేయి మాస్కో నగరపు వెలుపల, యౌజా నదీతీరమున, విదేశీయులకై ప్రత్యేకముగా ఒక పేటను ఏర్పఱచెను. వర్తకులు, వైద్యులు, సైన్యాధికారులు, శిల్పులు అచ్చట నివసించిరి. యువకుడగు జారు పీటరు ఆ పేటకు తఱచుగా పోయి స్కాట్లాండువారితోను, స్విస్సువారితోను, డచ్చివారితోను స్నేహము చేసి పశ్చిమవిద్యలయెడ ఆసక్తిని పెంపొందించుకొనెను. ఆతడే 1702లో విదేశీయులను ఆహ్వానించుచు, వారి మతమునకు భంగము కలుగదని వాగ్దానము చేయుచు ప్రకటన వెలువరించెను. వేల్సుదేశీయుడగు జాన్ హ్యూస్ 1870 ప్రాంతమున దక్షిణపు స్టెప్పీభూములలో ఇనుపకర్మాగారమును స్థాపింపగా, దానిచుట్టును పెరిగిన యూజొవ్కా అను కార్మికుల ఊరే కాలక్రమమున దొనెత్స్కు మహానగరమైనది. కార్యకుశలుడైన విదేశీయునియెడ రష్యా ఆదరము చూపుట యెంత పురాతనమో తెలియుటకు ఇవి చాలును.

ఆ ఆహ్వానములన్నింటిలోను ప్రసిద్ధమైనది రెండవ కేథరీను చక్రవర్తిని 1763 జూలై 22న వెలువరించినది. సప్తవర్ష సంగ్రామముచేత చితికిపోయిన జర్మను సంస్థానముల ప్రజలకు ఆమె ఉచితభూమిని, మతస్వాతంత్ర్యమును, వడ్డీలేని ఋణమును, పాడుభూములలో స్థిరపడువారికి 30 సంవత్సరముల పన్ను మినహాయింపును, గ్రామములలో స్వపరిపాలనమును, అన్నింటికి మించి సైనికసేవనుండి విముక్తిని ప్రసాదించెదనని పలికెను. కొలది సంవత్సరములలోనే సుమారు 30 వేలమంది వచ్చి సరాతోవు ప్రాంతమున వోల్గానదికి ఇరుప్రక్కల గ్రామములు కట్టుకొనిరి. వచ్చినవారిలో నేతగాండ్రును, వడ్రంగులును, ఇతరవృత్తులవారును ఉండిరి. కాని ప్రభుత్వమునకు కావలసినది బీడుభూముల సేద్యము గనుక, నాగలి పట్టి యెఱుగనివారికిని నాగలి పట్టక తప్పలేదు. ఆహ్వానించిన రాజ్యమునకును, ఆహ్వానమందుకొన్న మనుష్యునకును కోరికలు వేఱువేఱుగా ఉండునను సత్యము మొదటి శీతకాలముననే వారికి తెలిసివచ్చినది.

అయినను ఆ కష్టజీవులు నిలిచిరి. తరతరముల చెమటచేత బీడు గోధుమపొలమైనది. కాని రాచమాట యొక శతాబ్దము మాత్రమే నిలిచినది. 1871లో వలసవచ్చినవారి ప్రత్యేకప్రతిపత్తి రద్దుచేయబడెను. 1874లో నిర్బంధ సైనికసేవ వారికిని వర్తించెను. ఆయుధధారణము తమ మతమునకు విరుద్ధమని నమ్మిన మెన్నొనైటులను క్రైస్తవశాఖవారు, దక్షిణపు స్టెప్పీలోని తమ గ్రామములను విడిచి, కాన్సాసునకును మానిటోబాకును వేలసంఖ్యలో పోయిరి. వోల్గాతీరమున నిలిచినవారికి సోవియట్ ప్రభుత్వము 1924లో స్వయంప్రతిపత్తిగల గణతంత్రమును ఇచ్చినది. హిట్లరు దండెత్తిరాగా 1941 ఆగస్టు 28 నాటి శాసనముచేత ఆ ప్రజనంతయు సైబీరియాకును కజకిస్థానమునకును తరలించినది. 1964లో వారిపైనున్న నింద తొలగినదేగాని గ్రామములు మఱల దక్కలేదు. సోవియట్ యూనియను సడలి కూలిన కాలమునుండి, అచ్చటి భూములలో చెదరియున్న జర్మను సంతతివారు, వారి కుటుంబములవారు కలిసి 20 లక్షలకు పైగా జర్మనీకి చేరుకొనిరి. తాతముత్తాతలు విడిచివచ్చిన దేశమునకు, వారి భాషను సగము మఱచిన మనుమలు పరదేశులవలె తిరిగిపోవుట యీ చరిత్రలోని దుఃఖభాగము.

రెండవ మహావలసకు ప్రేరణ భూమి కాదు, పని. 1929లో అమెరికా ఆర్థికవ్యవస్థ కుప్పకూలి, కోటికిపైగా జనులు నిరుద్యోగులగుచున్న కాలమున, సోవియట్ దేశము పంచవర్షప్రణాళికచేత ఉక్కునగరములను కట్టుచుండెను. 1929లోనే ఫోర్డు సంస్థతో ఒప్పందము కుదిరి నీజ్నీ నొవ్గొరొదులో మోటారు కర్మాగారము వెలసినది. న్యూయార్కులోని సోవియట్ వ్యాపారసంస్థ అమ్తోర్గు 1931లో 6 వేల పనులకు ప్రకటన వేయగా లక్షకు మించిన దరఖాస్తులు వచ్చినవి. ఆకలి యొక ప్రక్క, సమసమాజముపైనున్న విశ్వాసమింకొక ప్రక్క వారిని నడిపినవి. ఆ విశ్వాసమును నేడు తేలికగా చూచుట న్యాయము కాదు. వర్ణభేదముచేత స్వదేశమున అవమానములు పొందిన నల్లజాతీయులలో కొందఱికి మాస్కో నగరము తాము మనుష్యులుగా మన్నింపబడిన మొదటిచోటు. ఆలివర్ గోల్డెన్ నాయకత్వమున 1931లో ఉజ్బెకిస్థానమునకు పోయిన నల్లజాతి వ్యవసాయశాస్త్రవేత్తలు అచ్చటి ప్రత్తిసేద్యమునకు చేసిన సేవ చరిత్రలో నిలిచియున్నది.

కాని దశాబ్దము గడువకుండగనే పరిస్థితి తలక్రిందులయ్యెను. విదేశీయులకై నడిపిన ప్రత్యేకదుకాణములు మూతపడినవి. జీతములో విదేశీద్రవ్యభాగము పోయినది. పలువురి పాసుపోర్టులు అధికారులచేతికి చిక్కి మఱల రాలేదు. 1933 చివరివఱకు అమెరికా సోవియట్ ప్రభుత్వమును గుర్తింపలేదు గనుక మాస్కోలో ఆ దేశపు రాయబారియే లేడు. ఫోర్డు కర్మాగారమునుండి 1930లో స్టాలిన్‌గ్రాడుకు పోయిన రాబర్ట్ రాబిన్సన్, జమైకాలో పుట్టిన నల్లజాతి యంత్రశిల్పి, 1934లో మాస్కో నగరసోవియట్టుకు ఎన్నికైనంతటి గౌరవము పొందియు, 1937లో సోవియట్ పౌరసత్వము తీసికొన్నపిమ్మట దేశము విడువ ప్రయత్నించి ప్రయత్నించి 1974లోగాని, అదియు ఉగాండాకు పోవు నెపమునగాని, బయటపడలేకపోయెను. మాగ్నితోగోర్స్కులో ఉక్కుకొలుములయొద్ద వెల్డింగు పని చేసిన జాన్ స్కాట్, అచ్చటి స్త్రీని వివాహమాడి, ఆ ప్రజల త్యాగమును కన్నులార చూచి ప్రేమతో వ్రాసినవాడు; ఆతనికి సైతము 1937 తరువాత కర్మాగారద్వారములు మూతపడెను.

అన్నింటికంటె హృదయవిదారకమైనది కరేలియా కథ. అమెరికా, కెనడాలలో స్థిరపడిన ఫిన్నిషువారు 6 వేలమందికి పైగా 1931-34 సంవత్సరముల నడుమ, తమ మాతృభాష రాజభాషగానున్న కరేలియాలో సామ్యవాదమును నిర్మింపగోరి, కూడబెట్టిన ధనమును, రంపములను, యంత్రములను వెంటగొని పోయిరి. అడవులలో చెట్లు నఱకు క్రొత్తపద్ధతులు నేర్పిరి. పెత్రొజవోద్స్కులో సంగీతబృందములకు జీవము పోసిరి. 1937-38లలో ఫిన్నిషు భాష నిషేధింపబడెను. వారిలో నూర్లకొలది నిర్బంధింపబడిరి, కాల్చివేయబడిరి. సందర్మోహు అడవిలోని సమాధులలో వారిలో పలువుర యెముకలున్నవి. వచ్చినవారు శత్రువులు కారు. ఆ రాజ్యమును ఆ దేశీయులకంటె మిన్నగా నమ్మినవారు. నమ్మకము వారిని కాపాడలేదు.

ఈ కథలన్నింటిని ఒకచోట పెట్టి చూచినపుడు తేలు సత్యమొకటే. ఆహ్వానము వేఱు, ఆశ్రయము వేఱు. ఆహ్వానము రాజ్యము తన అవసరమునుబట్టి ఇచ్చునది; అవసరము మాఱిన దినమున దానిని ఉపసంహరించుకొనవచ్చును. ఆశ్రయమనగా న్యాయస్థానములో నిలబడి అడుగదగిన హక్కు. పాలకుని ప్రసన్నతతో నిమిత్తము లేనిది. నేటి వలసను పరిశీలించుటకు ఈ భేదమే మనకు గీటురాయి కావలయును.

నేటి వలసయు, చట్టమును

నేడు పోవువారు మూడు తెగలుగా కనబడుదురు. మొదటివారు వివాహముచేతనో, ఉద్యోగముచేతనో, విద్యచేతనో, రష్యను సాహిత్యముపైగాని సంగీతముపైగాని గల మక్కువచేతనో పోయినవారు. వీరినిగూర్చి వార్తలు రావు. ఏలయన వీరిలో పెక్కుమంది నిశ్శబ్దముగా పాఠములు చెప్పుకొనుచు, సంసారములు చేసికొనుచు బ్రతుకుచున్నారు. రెండవవారు స్వదేశపు చట్టమునుండియో పన్నులనుండియో తప్పించుకొని ఆశ్రయము పొందినవారు. వీరికి పూర్వుడైన, బ్రిటిషు గూఢచారశాఖను వంచించిన కిమ్ ఫిల్బీ 1963లో పోయి 1988లో మాస్కోలోనే మరణించెను. అమెరికా నిఘారహస్యములను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2013 జూన్‌లో మాస్కో విమానాశ్రయమున చిక్కుకొని, ఆగస్టు 1న తాత్కాలికాశ్రయమును, 2020లో శాశ్వతనివాసమును, 2022లో పౌరసత్వమును పొందెను. ఫ్రెంచి నటుడు జెరార్ దెపార్ద్యూకు 2013 జనవరిలో పౌరసత్వము లభించినది. ఇట్టివారికి పాలకుల నిర్ణయమే ద్వారము తెఱచినది గనుక, వారి అనుభవము సామాన్యునకు ప్రమాణము కాజాలదు.

మూడవవారే నేటి చర్చకు కారణమైనవారు: తమ దేశములలో కుటుంబవ్యవస్థ, మతవిశ్వాసము, పిల్లల పెంపకము తమకిష్టములేని త్రోవ త్రొక్కుచున్నవని భావించి, రష్యాలో సంప్రదాయము నిలిచియున్నదని నమ్మి పోవువారు. వీరికై రష్యా అధ్యక్షుడు 2024 ఆగస్టు 19న 702 సంఖ్యగల శాసనమును వెలువరించెను. రష్యా సంప్రదాయవిలువలకు విరుద్ధమైన సిద్ధాంతమును తమ ప్రజలపై రుద్దుచున్నవని రష్యా ప్రభుత్వము పేర్కొన్న 47 దేశములవారు, ఆ సిద్ధాంతమును తాము తిరస్కరించుచున్నట్లు తెలిపినచో, వార్షికపరిమితితో నిమిత్తము లేకుండగను, రష్యను భాషలోను చరిత్రలోను చట్టములోను పరీక్ష లేకుండగను తాత్కాలికనివాసానుమతి కోరవచ్చును. ముందుగా మూడునెలల వీసా ఇత్తురు. దేశమున అడుగిడిన పిమ్మట వ్రేలిముద్రలు, క్షయ, కుష్ఠు, హెచ్‌ఐవీ మున్నగువాని వైద్యపరీక్షలు, నోటరీ ధ్రువపఱచిన అనువాదములు, నివాసము నమోదు అను మెట్లన్నియు ఎక్కవలసియుండును. తాత్కాలికానుమతికి గడువు 3 సంవత్సరములు, తరువాతిది శాశ్వతనివాసము, సాధారణముగా అట్లు 5 సంవత్సరములు నివసించిన పిమ్మట పౌరసత్వము.

ఈ శాసనమును రెండు దృష్టులతోను చూడవలయును. భాషాపరీక్ష మినహాయింపు నిజముగా గొప్ప వెసులుబాటు. మధ్య ఆసియా శ్రామికునికి లేనిది యిది. అయినను దీని స్వరూపము కేథరీను పత్రమునకు మిక్కిలి దగ్గఱ. ఇదియు పాలకుని శాసనమే. దేశముల పట్టికను ప్రభుత్వమే కట్టును, ప్రభుత్వమే మార్చును. పశ్చిమముతో రాజకీయకలహము తీవ్రముగానున్న సమయమున వెలువడినది గనుక, ఆ కలహము చల్లారినపుడుగాని మఱింత రగిలినపుడుగాని దీని గతి యేమగునో వలసపోవువాని చేతిలో లేదు. పైగా ప్రవేశమున లేని పరీక్ష బ్రతుకులో అడుగడుగునను ఎదురగుచునేయుండును.

భాష, జీవనోపాధి

రష్యను భాషకు ఆఱు విభక్తులు, మూడు లింగములు గలవు. క్రియ ముగిసినదా, సాగుచున్నదా అనుదానినిబట్టి చాల ధాతువులకు రెండు రూపములుండును. కాలినడకన పోవుటకొక క్రియ, బండిపై పోవుటకొక క్రియ. అమెరికా విదేశాంగశాఖవారి శిక్షణసంస్థ ఆంగ్లభాషీయునికి ఈ భాష పట్టువడుటకు సుమారు 1,100 గంటల తరగతి బోధన కావలయునని లెక్కగట్టినది. తండ్రిపేరు చేర్చి పిలిచినగాని గౌరవము కాని సమాజమది. నీవు, మీరు అను భేదము మనకువలెనే అచ్చటను నిత్యవ్యవహారమున పాటింపబడును. మాస్కో కాఫీదుకాణములలో ఆంగ్లముతో నెట్టుకొని రావచ్చునుగాని, పాలిక్లినికులో వైద్యునితోను, గోసుస్లుగీ అను ప్రభుత్వసేవల వేదికతోను, బడిలో ఉపాధ్యాయినితోను, మెట్లపై ఎదురగు పొరుగింటి ముదుసలితోను మాట్లాడుటకు రష్యను తప్ప గతి లేదు. భాష రానివాడు తనవంటి వలసదారుల చిన్నగుంపులో చిక్కుకొని, వారిలోని మధ్యవర్తులమీద ఆధారపడి, వారు చెప్పిన ధరకు ఇల్లును, వారు చెప్పిన మాటకు చట్టమును నమ్మవలసివచ్చును.

ఇందుకు ప్రతిగా మనవారి ఉదాహరణమొకటి స్మరింపదగియున్నది. తెలుగునాట రెండు తరములవారికి రష్యా దేశము విశాలాంధ్ర పుస్తకశాలలలో చౌకగా దొరకిన మాస్కో ముద్రణల ద్వారా పరిచితమైనది. ఆ అనువాదములకై ఉప్పల లక్ష్మణరావుగారు, రాచమల్లు రామచంద్రారెడ్డిగారు వంటివారు మాస్కోలో సంవత్సరములతరబడి నివసించిరి. వారికి నిశ్చితమైన పని యుండెను, తిరిగివచ్చుటకు స్వదేశముండెను. పరదేశవాసమునకు అంతకంటె దృఢమైన పునాది వేఱొకటి లేదు.

జీవనోపాధి విషయమున ఆంగ్లబోధన చిరకాలముగా పాశ్చాత్యులకు మొదటి ఆధారము. స్వదేశపు సంస్థలకు ఇంటినుండి పనిచేయుచు డాలర్లు తెచ్చుకొనవచ్చునను ఆశ 2022 మార్చిలో చాలవఱకు సన్నగిల్లినది. వీసా, మాస్టర్‌కార్డు సంస్థలు వైదొలగగా విదేశములలో ఇచ్చిన ఆ సంస్థల కార్డులు అచ్చట పనిచేయుటలేదు. అచ్చటి మీర్ కార్డు పశ్చిమమున చెల్లదు. ప్రధానబ్యాంకులు అంతర్జాతీయ సందేశవ్యవస్థనుండి తొలగింపబడినవి. ఇల్లమ్మిన సొమ్మును రష్యాకు చేర్చుటయే యొక పెద్ద సాహసము. చేరినపిమ్మట ఆ సొమ్ము ఎక్కడిదో ఋజువుచేయుమని బ్యాంకు ఖాతాను స్తంభింపజేయుటయు కలదు. అమెరికా పౌరుడు ఏ దేశమున నున్నను స్వదేశమునకు పన్ను లెక్కలు చెప్పుకొనవలసినవాడే. రెండు దేశముల నడుమనున్న పన్ను ఒడంబడిక 2023-24లలో ఇరుపక్షములచేతను నిలిపివేయబడినది. ఇల్లు కొనుటకు అప్పు చేయుదమన్న, 2024 అక్టోబరులో రష్యా కేంద్రబ్యాంకు వడ్డీరేటు 21 శాతమునకు చేరినది. చేతిలో రొక్కము లేనివానికి అచ్చట స్వగృహము దూరపుమాట.

పల్లెకు పోయి సేద్యము చేసికొందుమనువారు తెలిసికొనవలసినది మఱొకటి కలదు. 2002 నాటి చట్టముప్రకారము విదేశీయుడు వ్యవసాయభూమిని సొంతముగా కొనజాలడు; కౌలుకు మాత్రమే తీసికొనవచ్చును. బ్రెజిలు, బొలీవియా, ఉరుగ్వేలనుండి తిరిగివచ్చి దూరప్రాచ్యమున ప్రిమోర్యె ప్రాంతపు దెర్సు గ్రామమున స్థిరపడిన ప్రాచీనాచారులగు క్రైస్తవుల అనుభవము ఈ సందర్భమున గమనింపదగినది. వారు రష్యనులే, వారి ఇంటిభాష రష్యనే, సేద్యమున ఆఱితేఱినవారు, పెద్దకుటుంబములవారు, రాజ్యము కోరు సంప్రదాయమునకు అంతకంటె మంచి ప్రతినిధులు దొరకరు. అట్టివారును భూమిపత్రములకై, అప్పులకై, పౌరసత్వమునకై కార్యాలయముల చుట్టును తిరుగవలసివచ్చినది.

నిత్యజీవనము

ఇంతమాత్రముచేత అచ్చటి జీవితమంతయు కష్టమయమనుకొనుట పొరపాటు. రష్యను నగరజీవనమునందు పాశ్చాత్యుని నిజముగా ఆకర్షించు గుణములు కలవు. వరుసగా ఐదుదినములు సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు తగ్గినంతనే నగరమంతటికిని కేంద్రతాపనవ్యవస్థ ప్రారంభమగును. బయట మంచు కురియుచున్నను ఇంటిలోపల చొక్కాతో కూర్చుండవచ్చును. మాస్కో మెట్రో వేగము, శుభ్రత లోకప్రసిద్ధములు. సంగీతపాఠశాలలు, చదరంగబోధన, నృత్యశాలలు, నాటకశాలలు సామాన్యుని పిల్లలకు సైతము అందుబాటులో నున్నవి. ఎదురుపడినపుడు చిరునవ్వు చిందింపని ఆ ప్రజలు, ఒకసారి మిత్రుడని తలచినవానిని వంటగదిలో బల్లచుట్టును కూర్చుండబెట్టుకొని అర్ధరాత్రివఱకు విడువరు. వేసవిలో దాచా అను పల్లెపట్టు కుటీరమున బంగాళాదుంపలు పండించి, పుట్టగొడుగులు ఏఱి, ఊరగాయలు పెట్టుకొనుట వారికి తరతరముల ఆనందము. ఇవన్నియు సత్యములే. ప్రతివేసవియందును కొన్నిదినములు మరమ్మతులకై వేడినీరు ఆగిపోవుటయు, నవంబరునుండి ఫిబ్రవరివఱకు సూర్యుడు సరిగా కనబడక మనస్సు క్రుంగిపోవుటయు, మాస్కో సుఖములు జిల్లాపట్టణములలో కానరాకుండుటయు కూడ సత్యములే.

సంప్రదాయమునుగుఱించి కూడ నిజము తెలిసికొనవలయును. రాజ్యము సంప్రదాయమునుగూర్చి పలుకుట వేఱు, సమాజము దానిని ఆచరించుట వేఱు. రష్యాలో విడాకుల నిష్పత్తి ప్రపంచమున మిక్కిలి అధికమైనవానిలో ఒకటి. స్త్రీకి సగటున పుట్టు పిల్లల సంఖ్య 1.4 ప్రాంతమున నున్నది. తాము ఆర్థడాక్సు క్రైస్తవులమని చెప్పుకొనువారిలో ప్రతివారము గుడికి పోవువారు కొలదిమందియే. ఇంటివద్ద చదువు చెప్పుకొనుట జర్మనీలో నిషిద్ధము కాగా, 2012 నాటి విద్యాచట్టముప్రకారము రష్యాలో సమ్మతము. ఈ కారణమున పోయిన కుటుంబములకు ఆ మేలు వాస్తవమే. కాని బడికి పంపువారికి వేఱొక సంగతి యున్నది. 2022 సెప్టెంబరునుండి ప్రతిసోమవారము బడులలో దేశభక్తివిషయకమైన పాఠము చెప్పబడుచున్నది. 2025 ఏప్రిల్ 1నుండి విదేశీయుల పిల్లలు బడిలో చేరుటకు రష్యను భాషాపరీక్షలో నెగ్గవలయునను సాధారణనియమము వచ్చినది. పశ్చిమపుబడిలో రాజ్యము తమ బిడ్డల మనస్సులలో జోక్యము చేసికొనుచున్నదని పోయిన తల్లిదండ్రులు, రష్యాబడిలోని జోక్యమును కూడ అదే కొలతతో కొలుచుకొనవలసియున్నది.

మాట, ఆయుధము

అన్నింటికంటె గంభీరమైన ప్రశ్న యుద్ధకాలపు రాజ్యమునకు సంబంధించినది. సైన్యమునుగూర్చి అసత్యమని ప్రభుత్వము తలచు వార్తను వ్యాపింపజేసినచో 15 సంవత్సరములవఱకు కారాగారవాసము విధించు చట్టము 2022 మార్చిలో వచ్చినది. అమెరికా పత్రికారచయిత ఇవాన్ గెర్ష్కోవిచ్ 2023 మార్చిలో యెకతెరీన్‌బుర్గున నిర్బంధింపబడి, 2024 ఆగస్టు 1న ఖైదీల మార్పిడిలో విడుదలయ్యెను. రెండు దేశముల పౌరసత్వముగల ఒక యువతి, ఉక్రెయినుకు తోడ్పడు సంస్థకు 51 డాలర్లు విరాళమిచ్చిన కారణమున 2024లో రాజద్రోహియని 12 సంవత్సరముల శిక్షకు గురియై, మరుసటియేడు మార్పిడిలో బయటపడెను. రష్యను పౌరసత్వమున్నవానిని రష్యా తన పౌరునిగానే చూచును. వేఱొక పాసుపోర్టు లెక్కకు రాదు. అమెరికాకు నేడు ఆ సువిశాలదేశమున మాస్కోలో తప్ప పనిచేయు దౌత్యకార్యాలయము లేదు. 1931లో పోయినవారికి రాయబారియే లేడు. నేడు పోవువారికి దౌత్యకార్యాలయమున్నను దాని చేయి అంతదూరము అందదు.

పౌరసత్వముతో పాటు పురుషులకు సైనికబాధ్యతయు సంక్రమించును. 2024 జనవరినుండి నిర్బంధసేవకు వయస్సు 18నుండి 30వఱకు పొడిగింపబడినది. పదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని పోవు తండ్రి, ఎనిమిదేండ్ల పిదప ఆ కొడుకు ఎవరిపై తుపాకి పట్టవలసివచ్చునో నేడే ఆలోచింపవలసియున్నది. ఈ వేదన మనకును అపరిచితము కాదు. ఉద్యోగమని నమ్మి పోయిన హైదరాబాదు యువకుడొకడు సైన్యమునకు అప్పగింపబడి 2024లో యుద్ధభూమిని మరణించిన వార్త మనవారందఱును చదివినదే. కేథరీను వాగ్దానము చేసినది సైనికసేవనుండి విముక్తి. వోల్గావాసుల విశ్వాసము మొదట బీటవాఱినదియు అచ్చటనే.

ఈ భయము గలవారికై రష్యను మాట్లాడు ఇతరదేశములను గూర్చియు కొంత చెప్పవలయును. కజకిస్థానమున ప్రభుత్వకార్యాలయములలో రష్యను కజకు భాషతోపాటు వాడబడుచున్నది. కిర్గిజిస్థానమున అది అధికారభాష. బెలారూసున 1995నుండి రెండవ రాజభాష. భాషపై మక్కువ గలిగి యుద్ధరాజ్యమునకు వెఱచువారికి ఆల్మాటీ, బిష్కేకు నగరములు కొంత మేలుగా కనబడవచ్చును. అచ్చట బ్యాంకులును విమానములును పశ్చిమముతో రష్యాలోవలె తెగిపోలేదు. కాని ఆ రెండు దేశములందును జాతీయభాషలు నానాటికి బలపడుచున్నవి. అచ్చట దీర్ఘకాలము నిలువగోరువాడు రెండవభాష నేర్చుకొనుట ధర్మము. బెలారూసు పరిస్థితి వాక్స్వాతంత్ర్యవిషయమున రష్యాకంటె మెఱుగు కాదు.

ఉపసంహారము

ఇంతవఱకు చూచినదానినిబట్టి, ఈ వలస అవివేకమని గాని, మోక్షమార్గమని గాని ఒకమాటలో తీర్పు చెప్పుట తగదు. రష్యాలో నిలదొక్కుకొనినవారు ఏదో నిర్దిష్టమైన దానికై పోయినవారు: ఒక జీవితభాగస్వామికై, ఒక విద్యకై, ఒక వృత్తికై, ఆ భాషకై. వారు రష్యాను ఉన్నదున్నట్లు చూచి ప్రేమించిరి గనుక దాని లోపములు వారిని విస్మయపఱచలేదు. చెడినవారిలో పెక్కుమంది తమ దేశముమీది కోపమును రష్యామీది ప్రేమగా భ్రమించినవారు. కోపము దారి చూపజాలును గాని ఇల్లు కట్టజాలదు.

కావున పోదలచినవారికి హితము చెప్పవలసివచ్చినచో ఇట్లు చెప్పవలయును. మొదట భాష నేర్వవలయును, పరీక్ష లేకున్నను నేర్వవలయును. ఇల్లమ్ముకొనకముందు ఒక శీతకాలము జిల్లాపట్టణమున గడపి చూడవలయును. స్వదేశపు పాసుపోర్టును, తిరిగివచ్చుటకు చాలిన ధనమును ఎన్నడును పోగొట్టుకొనరాదు. దీనిని విశ్వాసరాహిత్యమని యెవరైన నిందించినచో, కరేలియాకు పోయినవారి విశ్వాసమునకు లోపమేమి యని ప్రశ్నింపవలయును. పిల్లల విషయమున మఱింత జాగరూకత అవసరము. ఏలయన తల్లిదండ్రులు తమ కలహమునుబట్టి నిర్ణయము చేసికొందురు, దాని ఫలమును మాత్రము ఆ నిర్ణయములో పాలులేని పిల్లలు రెండుదేశముల నడుమ యావజ్జీవము అనుభవింతురు. ఆహ్వానించు రాజ్యమునకును ఒక ధర్మము కలదు: పిలిచినవానిని ప్రచారమునకు సాధనముగా గాక, చట్టముముందు హక్కులుగల మనుష్యునిగా నిలుపుట. ఆ ధర్మమును నెఱవేర్చిన నాడే ఆహ్వానము ఆశ్రయమగును. అంతవఱకు పోవువాడు తన తిరుగుదారిని తానే కాచుకొనవలయును.